దేశదిమ్మరి నుంచి లోకసంచారి దాకా: రాహుల్ సాంకృత్యాయన్ యాత్రలు

తెలుగులో 'దేశదిమ్మరి' అనేది తిట్టు. పనీపాటా లేనివాడు, ఇల్లూవాకిలీ పట్టనివాడు, నమ్మి పిల్లనివ్వడానికి పనికిరానివాడు అని దాని అర్థం. 'యాత్రికుడు' మాత్రం గౌరవవాచకం. నడిచేది ఒకే మనిషి అయినా పుణ్యం కోసం నడిస్తే కాళ్ళు కడిగి నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు. లోకం చూద్దామని నడిస్తే చెడిపోయాడంటారు. ఈ తేడా భాషలో ఊరికే పుట్టలేదు. రైతును భూమికీ, స్త్రీని ఇంటికీ, చేతివృత్తివాడిని కులానికీ కట్టివేసి బతికిన భూస్వామ్య సమాజం, కట్టు తెంచుకొని కదిలే మనిషిని అనుమానించక తప్పదు. సముద్రం దాటితే కులం పోతుందన్న కట్టడి ఆ అనుమానానికి శాస్త్రం తొడిగిన ముసుగు.

ఆ తిట్టునే బిరుదుగా స్వీకరించి, ఒక జీవితకాలం దానికి ధారపోసి, చివరికి దానిమీద ఒక శాస్త్రగ్రంథమే రాసినవాడు రాహుల్ సాంకృత్యాయన్ (1893–1963). చాగంటి తులసి తెలుగులోకి తెచ్చిన 'ఓల్గా నుంచి గంగకు' ద్వారా మన పాఠకులకు ఆయన చిరపరిచితుడు. అయితే ఆ పుస్తకం వెనక ఉన్న నడకను మనం తగినంతగా పట్టించుకోలేదు. రాహుల్ యాత్రలను సాహసకృత్యాలుగా చెప్పుకొని ఆశ్చర్యపోవడం తేలిక. ఆ యాత్రలు ఎందుకు సాధ్యమయ్యాయి, వాటినుంచి సమాజానికి ఏం దక్కింది, వాటి ఖర్చు ఎవరు భరించారు అని అడగడం కష్టం. విమర్శకు పనికివచ్చేవి ఈ ప్రశ్నలే.

పారిపోవడంలో మొదలు

1893 ఏప్రిల్ 9న ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా పందహా గ్రామంలో, అమ్మమ్మగారింట, ఒక బ్రాహ్మణ రైతు కుటుంబపు బిడ్డగా ఆయన పుట్టాడు. పెట్టిన పేరు కేదార్‌నాథ్ పాండే. పెంచిన తాత సైన్యంలో పనిచేసి దక్షిణాది చూసి వచ్చినవాడు. ఆయన చెప్పిన కథలు, చిన్ననాటి ఉర్దూ వాచకంలో లోకం చూడమని హెచ్చరించే ఒక ద్విపద – ఈ రెండే తన కాళ్ళకు చక్రాలు కట్టాయని రాహుల్ తర్వాత పదేపదే చెప్పుకున్నాడు. కానీ కథలు విన్న పిల్లలందరూ ఇల్లు విడిచిపోరు. తొలి తోపుడు ఇంట్లోనే ఉంది. పదకొండేళ్ళకే ఆయనకు పెళ్ళి చేశారు. తన ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా జరిగిన ఆ పెళ్ళిని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. 1907లో మొదటిసారి కలకత్తా పారిపోయాడు. తిరిగివచ్చాడు, మళ్ళీ పారిపోయాడు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో ఉత్తరాది పల్లె నుంచి చేతిలో డబ్బులేని ఒక కుర్రాడు బయటపడాలంటే ఉన్న దారులు తక్కువ. పట్నంలో కూలి ఒకటి, సైన్యం ఒకటి, కాషాయం ఒకటి. వీటిలో దేశమంతా తిరగనిచ్చేది, ఎక్కడికక్కడ తిండీ నీడా దొరికేది మూడోదే. 1912–13 నాటికి ఆయన బీహారులోని ఛప్రా ప్రాంతపు పర్సా మఠంలో వైష్ణవ సాధువుగా, రామ్ ఉదార్ దాస్‌గా కనిపిస్తాడు. మఠానికి భూములున్నాయి, మహంతు పదవికి వారసత్వం ఉంది. అక్కడే కూర్చుంటే జీవితం గడిచిపోయేది. ఆయన మాత్రం దక్షిణాదికి నడిచాడు. మద్రాసు దగ్గరి తిరుమళిశైలో కొంతకాలం చదువుకున్నాడు. 1915లో ఆగ్రాలోని ఆర్యసమాజపు ముసాఫిర్ విద్యాలయంలో చేరాడు. సహాయ నిరాకరణోద్యమంలోకి దిగి 1922లో ఆరు నెలలు, 1923–25లో రెండేళ్ళు జైల్లో గడిపాడు.

వైష్ణవం, ఆర్యసమాజం, గాంధీ ఉద్యమం, తర్వాత బౌద్ధం, చివరికి మార్క్సిజం – ఈ వరుసను చూసి ఆయన నిలకడ లేనివాడని విమర్శించినవారున్నారు. ఈ మజిలీలను జాగ్రత్తగా చూస్తే ఒక క్రమం కనబడుతుంది. ప్రతి చోటా ఆయన అక్కడి గ్రంథాలను మూలభాషలో చదివాడు; ప్రతి చోటా కులమూ, దేవుడూ, ఆస్తీ అన్న మూడు ప్రశ్నల దగ్గర ఇరుక్కున్నాడు; జవాబు చాలకపోతే లేచి ముందుకు నడిచాడు. కాళ్ళ సంచారమూ ఆలోచనల సంచారమూ ఆయనలో కలిసే సాగాయి.

సింహళం నుంచి లాసాకు

విదేశయాత్రలు నిజంగా మొదలైంది 1927లో. సింహళంలోని కెలానియా విద్యాలంకార పరివేణంలో సంస్కృతం బోధించడానికి వెళ్ళి, పందొమ్మిది నెలలు ఉండి పాళీ త్రిపిటకాలను ఆమూలాగ్రం చదివాడు. భారతదేశంలో పుట్టిన బౌద్ధ సాహిత్యాన్ని చదవడానికి భారతీయుడు సముద్రం దాటాల్సి వచ్చిందన్న సంగతి ఆయనకు గుచ్చుకుంది. పాళీ గ్రంథాలు సింహళంలో దొరికాయి. నాలందా, విక్రమశిల పండితులు సంస్కృతంలో రాసిన తర్కగ్రంథాల మాటేమిటి? అవి టిబెటన్ అనువాదాలుగా నిలిచి ఉన్నాయి. మూలాలు కూడా అక్కడి మఠాల్లోనే ఎక్కడో ఉండవచ్చు. టిబెట్ వెళ్ళాలన్న నిర్ణయం వెనక ఉన్నది ఈ లెక్క.

వెళ్ళడం ఎలా? టిబెట్‌లోకి పరాయివాళ్ళను రానివ్వరు. రెండుసార్లు జైలుకు వెళ్ళిన రాజకీయ ఖైదీకి బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. నేపాల్ రాణాల రాజ్యంలోకి భారతీయులు స్వేచ్ఛగా అడుగుపెట్టగలిగేది శివరాత్రి తిరునాళ్ళకు మాత్రమే. 1929లో రాహుల్ పశుపతినాథుని భక్తుల గుంపులో కలిసి రక్సౌల్ మీదుగా కాట్మండు చేరాడు. తిరునాళ్ళ గడువు ముగిశాక అక్కడే దాక్కున్నాడు. టిబెటన్ దుస్తులు తొడిగి, ఒక మంగోల్ భిక్షువును తోడుచేసుకొని, బిచ్చగాడి వేషంలో హిమాలయాలు దాటాడు. దేవుణ్ణి వదిలేస్తున్న మనిషికి దేవుడి తిరునాళ్ళే సరిహద్దు దాటించింది.

ఆ దారి ఎలాంటిదో ఆయన యాత్రాకథనం చదివితే తెలుస్తుంది. కనుమల్లో దొంగలు ముందు మనిషిని చంపి, తర్వాత జేబులు చూస్తారు. ఎందుకంటే చట్టం అక్కడిదాకా రాదు, సాక్షులుండరు. అనుమానపు మనిషి కనబడగానే రాహుల్ టోపీ తీసి, నాలుక చాచి పైసా అడుక్కునేవాడు. బిచ్చగాణ్ణి ఎవరూ చంపరు. సాహసమంటే ఛాతీ విరుచుకోవడంగా భావించే యాత్రా రచయితలు ఈ దృశ్యాన్ని గుర్తుంచుకోవాలి. అంత పెద్ద పండితుడు తన పాండిత్యాన్నీ, తన పుట్టుకనూ దాచుకొని, దేశంలోకెల్లా అల్పుడిగా కనబడితేనే ప్రాణం నిలిచింది. ఆ వేషం ఆయనకు ఇంకో మేలు కూడా చేసింది. పల్కీలోంచి చూసేవాడికి కనబడని టిబెట్ ఆయనకు కనబడింది.

ఏం కనబడింది? అంటరానితనం లేదు, పరదా లేదు; ముక్కూముఖం తెలియని బాటసారి నేరుగా వంటింటిదాకా వెళ్ళి టీ కాచి ఇమ్మంటే, ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ ఆ ఇంటి ఆడవాళ్ళు ఇస్తారు. ఈ సంగతి ఆయన మెచ్చుకొని రాశాడు. దాని పక్కనే ఇంకోటి కూడా రాశాడు. భూమి జాగీర్దార్ల చేతుల్లో ఉంది. ఆ జాగీర్లలో చాలా భాగం మఠాలవి. పొలం పని వెట్టిమనుషులది. పనులు చూడటానికి మఠం పంపిన భిక్షువు ఆ రైతుల పాలిట రాజే. తాను వెతికే గ్రంథాలను కాపాడిన మఠమూ, వెట్టి చేయించే మఠమూ ఒకటేనని ఆయన గ్రహించాడు. షేకర్ దగ్గరి ఒక జాగీరు మఠంలో చేతిరాత కంజూర్ 103 సంపుటాలు చూసి ఆయన వాటిలో మునిగిపోయాడు. ఒక్కో సంపుటం 15 సేర్ల బరువు. ఆ బరువులో ఎందరి వెట్టి కలిసి ఉందో చూడగల కన్ను ఆయనకు అప్పటికే ఏర్పడుతోంది.

కంచరగాడిదల మీద తిరిగివచ్చిన నాలందా

1929 జూలైలో లాసా చేరిన రాహుల్, 1930లో తిరిగివచ్చేటప్పుడు 22 కంచరగాడిదల మీద గ్రంథాలూ, పటచిత్రాలూ వేసుకొచ్చాడని ప్రతీతి. డబ్బు సింహళపు విద్యాలంకార నుంచి వచ్చింది. ఆ సేకరణ తర్వాత పాట్నా చేరింది. 1930లోనే సింహళంలో భిక్షువుగా దీక్ష తీసుకొని రాహుల్ సాంకృత్యాయన్ అయ్యాడు. రాహులుడు బుద్ధుడి కొడుకు పేరు, సాంకృత్యాయన్ తన గోత్రాన్నిబట్టి. 1934, 1936, 1938లలో మరో మూడుసార్లు టిబెట్ వెళ్ళాడు. సాక్య, ఙోర్, షలూ మఠాల్లో తాళపత్రాల కట్టలు విప్పించి, దొరికినవాటిని రాసుకున్నాడు, ఫొటోలు తీయించాడు. ధర్మకీర్తి 'ప్రమాణవార్తికం', ప్రజ్ఞాకరగుప్తుడు దానిపై రాసిన భాష్యం, అసంగుని 'యోగాచారభూమి' సంస్కృతమూలాలు ఇలా మళ్ళీ వెలుగు చూశాయి.

వీటి విలువ పురాతనత్వంలో మాత్రమే లేదు. ఏడో శతాబ్దపు ధర్మకీర్తి వేదప్రామాణ్యాన్ని, సృష్టికర్తను, స్నానపుణ్యాన్ని, కులగర్వాన్ని తర్కంతో తోసిపుచ్చినవాడు. భారతీయ తత్వమంటే వేదాంతమేనని రెండువందల ఏళ్ళుగా చెబుతూ వచ్చినవారికి ఎదురు నిలిచే సాక్ష్యం ఈ గ్రంథాలు. మన తాత్విక వారసత్వంలో ఒక ప్రశ్నించే పాయ ఉందని చెప్పడానికి రాహుల్ కాగితాలు కావాలనుకున్నాడు. వాటికోసం హిమాలయాలు దాటాడు.

ఇందులో మనకు సంబంధించిన ముడి ఒకటుంది. లాసా పక్కన 1416లో స్థాపించిన ద్రేపుంగ్ మహామఠం పేరుకు టిబెటన్‌లో 'ధాన్యపు రాశి' అని అర్థం. అది ధాన్యకటకం పేరుకు అనువాదం. కృష్ణాతీరపు ధరణికోట–అమరావతి పేరును ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద మఠాల్లో ఒకటి మోసింది. వజ్రయాన మూలాలను వెతుకుతూ రాహుల్ శ్రీపర్వతం, ధాన్యకటకాల వైపే వేలు చూపాడు. పేర్లూ పుస్తకాలూ ఇక్కడినుంచి అక్కడికి ఎవరో మోసుకుపోతేనే కదా వెళ్ళాయి. ఆ నడిచినవాళ్ళలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు. నాలుగుసార్లు టిబెట్ వెళ్ళిన రాహుల్ నిజానికి ఒక పాత బాటను తిరగదొక్కాడు.

అటునుంచి వచ్చిన సంచారి

రాహుల్ కథ చెప్పేవారు తరచు వదిలేసే మనిషి గెండున్ ఛోఫెల్. టిబెట్ ఈశాన్యంలోని ఆమ్దోలో 1903లో పుట్టి, ద్రేపుంగ్‌లో చదివి, వాదనలో ఎవరికీ లొంగని భిక్షువుగా పేరుపడ్డ ఛోఫెల్ 1934లో రాహుల్‌తో కలిసి మఠాలు తిరిగాడు. అక్కడినుంచి భారతదేశానికి వచ్చి పన్నెండేళ్ళు సంచరించాడు. సంస్కృతం, ఇంగ్లీషు నేర్చుకున్నాడు, సింహళం వెళ్ళాడు, ధమ్మపదాన్ని టిబెటన్‌లోకి తెచ్చాడు, తాను చూసిన దేశాలమీద ఒక పెద్ద యాత్రాగ్రంథం రాశాడు. 1938లో కాలింపాంగ్ నుంచి వెలువడే టిబెటన్ పత్రికలో భూమి గుండ్రంగా ఉందని వ్యాసం రాశాడు. టిబెటన్ పాఠకుల్లో చాలామందికి ఆ మాట అప్పటికింకా ధిక్కారమే.

భారతదేశంలో ఆయన శ్రమకు దక్కిన గౌరవం ఎంత? 'నీలి వృత్తాంతాలు' అనే టిబెటన్ చరిత్రగ్రంథపు ఇంగ్లీషు అనువాదంలో ఆయన పాత్ర పెద్దది. అట్టమీద పేరు జార్జ్ రోరిక్‌ది, ఛోఫెల్ పేరు ముందుమాటలో కృతజ్ఞతగా మిగిలింది. 1946లో లాసాకు తిరిగివెళితే దొంగనోట్ల నేరం మోపి ప్రభుత్వం జైల్లో పెట్టింది. సంస్కరణవాదులతో ఆయనకున్న సంబంధాలే అసలు కారణమని చరిత్రకారులు భావిస్తారు. విడుదలయ్యాక ఎక్కువ కాలం బతకలేదు. 1951లో పోయాడు.

ఇద్దరూ ఒకే బాటమీద ఎదురెదురుగా నడిచినవాళ్ళు. ఒకరు పుస్తకాలతో ఇంటికి వచ్చి మహాపండితుడయ్యాడు. ఇంకొకరు ప్రశ్నలతో ఇంటికి వెళ్ళి ఖైదీ అయ్యాడు. తేడా వ్యక్తుల్లో లేదు. రాహుల్ తిరిగివచ్చిన దేశంలో అచ్చుయంత్రాలున్నాయి, పరిశోధక సంఘాలున్నాయి, రైతు ఉద్యమముంది, చదివే మధ్యతరగతి ఉంది. ఛోఫెల్ తిరిగివెళ్ళిన లాసాలో ఇవేవీ లేవు. దూరం వెళ్ళి తెచ్చిన జ్ఞానం ఎవరి చేతుల్లో పడుతుందన్నదానిమీదనే యాత్ర ఫలితం ఆధారపడుతుంది.

లెనిన్‌గ్రాడ్, అమ్వారీ

రాహుల్ 1932–33లో ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ చూశాడు. 1935లో జపాన్, కొరియా, మంచూరియాల మీదుగా సోవియట్ భూమిమీద మొదటిసారి అడుగుపెట్టి ఇరాన్ గుండా తిరిగివచ్చాడు. 1937లో బౌద్ధ తర్కానికి ప్రపంచ ప్రామాణికుడైన షెర్బాత్‌స్కీ ఆహ్వానంపై లెనిన్‌గ్రాడ్ వెళ్ళాడు. ఏ విశ్వవిద్యాలయ పట్టాలేని మనిషిని ఆయన తెచ్చిన పనినిబట్టి గుర్తించిన చోటు అది.

ఇంతటి ప్రపంచసంచారి 1939 ఫిబ్రవరిలో ఎక్కడున్నాడు? బీహారు సారన్ జిల్లాలోని అమ్వారీలో, జమీందారు లాక్కున్న పొలంలో రైతులతో కలిసి చెరకు నరుకుతున్నాడు. జమీందారు మనిషి లాఠీతో తల పగలగొట్టాడు. పోలీసులు అరెస్టు చేసింది దెబ్బ తిన్నవాణ్ణి. ఆ ఏడాదే బీహారులో కమ్యూనిస్టు పార్టీ ఏర్పాటులో పాల్గొన్నాడు. 1940 నుంచి 1942 దాకా హజారీబాగ్, దేవ్లీ నిర్బంధాల్లో ఉన్నాడు. 'దర్శన్ దిగ్దర్శన్', 'ఓల్గా నుంచి గంగకు' ఆ జైళ్ళలో పుట్టినవే. క్రీ.పూ. 6000 నుంచి 1942 దాకా ఎనిమిదివేల ఏళ్ళ మానవయాత్రను ఇరవై కథల్లో చెప్పిన రచయిత, నాలుగు గోడల మధ్య కదలడానికి వీల్లేక కూర్చున్నవాడు. కాళ్ళు ఆగినప్పుడే ఆయన చూసిన దేశాలన్నీ ఒక వరుసలోకి వచ్చాయి. మధ్య ఆసియా గడ్డిమైదానాలు, వోల్గా ఒడ్డు, గాంధారం, పాటలీపుత్రం ఆయనకు పుస్తకాల్లో చదివిన పేర్లు మాత్రమే అయి ఉంటే ఆ కథలకు మట్టివాసన ఉండేది కాదు.

1944లో మళ్ళీ బయల్దేరాడు. యుద్ధకాలపు వీసా కోసం నెలల తరబడి టెహరాన్‌లో పడిగాపులు కాసి, 1945లో లెనిన్‌గ్రాడ్ చేరి, విశ్వవిద్యాలయంలో బోధించాడు. ఆ 25 నెలల కాలం పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. 1947 ఆగస్టులో స్వదేశానికి వచ్చాడు. ఆ సోవియట్ నివాసం చివరికి రెండు సంపుటాల 'మధ్య ఆసియా చరిత్ర'గా పండింది. 1958లో దానికి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది.

శాస్త్రం, దానిలోని లోపం

1948లో రాసిన 'ఘుమక్కడ్ శాస్త్ర' తెలుగులో 'లోకసంచారి'గా వచ్చింది. మొదటి అధ్యాయం శీర్షికే బ్రహ్మసూత్రాల మొదటి సూత్రానికి వెటకారం. బ్రహ్మను తెలుసుకోవాలన్న చోట సంచారాన్ని తెలుసుకోవాలని ఉంటుంది. వెటకారం కింద గట్టి ప్రణాళిక ఉంది. సంచారికి చదువు కావాలి, సొంత కాళ్ళమీద నిలబడే చేతిపని కావాలి – వైద్యమో, ఫొటోగ్రఫీయో, క్షౌరమో ఏదైనా సరే. వెనకబడినవారని పిలిచే జాతుల మధ్యకు పాఠం చెప్పేవాడిలా పోకుండా సేవకుడిలా పోవాలి. యూరపు జిప్సీల భాషలో మన మాటలు వెతికి చూపిస్తాడు. స్త్రీ సంచారులకు ఒక అధ్యాయం కేటాయించి, లోకం తిరిగే హక్కు ఆడవాళ్ళకూ సమానమేనని వాదిస్తాడు. 1940లలో హిందీలో అది చిన్న మాట కాదు.

కానీ ఆ పుస్తకంలోనే ఒక పెద్ద లోపముంది. కొలంబస్, వాస్కో డ గామాలను రాహుల్ గొప్ప సంచారులుగా నిలబెట్టాడు. అమెరికా, ఆస్ట్రేలియాలు దాదాపు ఖాళీగా పడి ఉన్నాయని, నాగరికతకు గర్వపడే భారతీయులకూ చైనీయులకూ అక్కడ జెండా పాతాలన్న తెలివి లేకపోయిందని వాపోయాడు. అవి ఖాళీ నేలలు కావు. అక్కడి ప్రజలను చంపి, తరిమి ఖాళీ చేశారు. గామా ఓడల వెనకే ఫిరంగులు వచ్చాయి. వెట్టి రైతును గుర్తించిన కన్ను, అమ్వారీలో లాఠీదెబ్బ తిన్న తల, ఈ సంగతిని ఎలా జారవిడిచింది? కదలికను దానికదే పరమధర్మంగా ప్రకటించినప్పుడు, ఎవరు కదిలారు, ఎవరి నేలమీదికి, ఏ ఆయుధంతో అన్న ప్రశ్న పక్కకు పోతుంది. రాహుల్ స్వయంగా చేసిన యాత్రలు ఆ పేజీకి సరైన ఖండన. బిచ్చగాడి వేషంలో ఒక దేశంలోకి వెళ్ళినవాడికీ, జెండాతో వెళ్ళినవాడికీ పోలిక లేదు.

రెండో లోపం జీవితానికి సంబంధించింది. సంచారి సంకెళ్ళు తెంచుకోవాలని శాస్త్రం చెబుతుంది. ఆ సంకెళ్ళకు అవతలి కొసన మనుషులుంటారు. చిన్ననాడు తనతో పెళ్ళయిన అమ్మాయి కూడా ఆ బాల్యవివాహానికి బలైనదే. ఆమెకు పారిపోయే దారి లేదు. ఉత్తరాది బ్రాహ్మణ కుటుంబంలో ఆమెకు మరో జీవితమూ లేదు. లెనిన్‌గ్రాడ్‌లో పెళ్ళాడిన ఎలెనా, 1938లో పుట్టిన కొడుకు ఈగోర్ యుద్ధకాలమంతా ఆయనకు దూరంగా ఉన్నారు. 1947లో ఆయన వచ్చేశాక మళ్ళీ దూరమే. దీనికి ప్రభుత్వాల కట్టుబాట్లు, వీసాలు కొంత కారణం. అయినా లెక్కలో ఈ పద్దు రాయాలి. స్త్రీలకు సంచారహక్కు కావాలన్న రచయిత జీవితంలోనే, ఇల్లు కనిపెట్టుకుని ఉన్నది స్త్రీలే. ఇది ఒక్క రాహుల్‌ను నిలదీసే మాట కాదు; బుద్ధుడు మొదలు మన తిరుగుబోతు కవులదాకా పురుష సంచారమంతా ఈ పునాదిమీదే నిలిచింది.

అదే 1930లో

రాహుల్ కంచరగాడిదలతో టిబెట్ నుంచి తిరిగివచ్చిన 1930లోనే, మే నెలలో, రంగూన్ రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగాయి. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలనుంచి మేస్త్రీల అప్పుల్లో చిక్కి ఓడలెక్కినవాళ్ళు వారు. బర్మాలో వారిని కోరంగీలని పిలిచేవారు, మన కోరంగి రేవు పేరుతో. కూలి పెంచమని సమ్మెచేస్తే యజమానులు బర్మా కూలీలను దించారు. సమ్మె ముగియగానే వారిని పొమ్మన్నారు. ఆకలిగొన్న రెండు గుంపుల మధ్య రగిలిన మంటలో పెక్కుమంది చనిపోయారు. 1942లో జపాన్ దాడితో లక్షలాది భారతీయులు బర్మానుంచి అడవులూ కొండలూ దాటి నడిచివచ్చారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. హిమాలయాల్లో రాహుల్ నడిచిన కనుమలకంటే ఆ దారి సులువైనదేమీ కాదు. కానీ ఆ నడకకు శాస్త్రం లేదు, యాత్రాగ్రంథాలు లేవు.

మన యాత్రాసాహిత్యం ఎక్కడ మొదలైంది? 1830–31లో సుమారు వందమంది పరివారంతో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య కథనంతో. అది విలువైన చరిత్రాధారం. అయినా చెప్పేవాడు పల్కీలో ఉన్నాడు. మోసే బోయీలు తమ కథ రాయలేదు. ఆ తర్వాత వచ్చిన విదేశయాత్రల పుస్తకాల్లో ఎక్కువభాగం అధికారులవి, ఆహ్వానితులవి, విహారం వెళ్ళినవారివి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలనుంచి గల్ఫ్ దేశాలకు, తీరజిల్లాలనుంచి బర్మాకు పోయినవారి యాత్ర పాటల్లో, కథల్లో అక్కడక్కడా తొంగిచూసింది తప్ప చరిత్రగా నిలవలేదు. 1983 నాటి వలస చట్టం చదువు తక్కువైన శ్రామికుడి పాస్‌పోర్టును వేరుచేసి గుర్తుపెట్టింది. కొందరికి ప్రయాణం హక్కుగానూ, కొందరికి అనుమతితో మాత్రమే దక్కేదిగానూ ఉండటం రాణాల నేపాల్‌తో పోయింది కాదు.

రాహుల్ నుంచి మన రచయితలు నేర్చుకోవలసింది ఊళ్ళ పేర్ల జాబితా కాదు. వెళ్ళే దేశపు భాష నేర్చుకోవడం, చేతిలో ఒక పని పెట్టుకొని వెళ్ళడం, అక్కడ అన్నం పెట్టినవారు ఎవరి భూమి దున్నుతున్నారో చూడటం, తెచ్చినదాన్ని నలుగురికీ అందేలా రాయడం – ఆయన పద్ధతి ఇది. 1961లో స్మృతి పోగొట్టుకొని, మాస్కోలో వైద్యం కూడా ఫలించక, 1963 ఏప్రిల్ 14న ఆయన డార్జిలింగ్‌లో కన్నుమూశాడు. డజన్లకొద్దీ భాషలూ దేశాలూ నిండిన ఆ జ్ఞాపకం, ఆయన ముందే కాగితంమీద పెట్టివుండబట్టి, మనకు మిగిలింది. రంగూన్ రేవులో పనిచేసినవారి జ్ఞాపకం అలా మిగలలేదు. గల్ఫ్ కూలీల జ్ఞాపకాన్ని రాసిపెట్టే అవకాశం ఇంకా మన చేతుల్లో ఉంది. బర్మా ఓడలెక్కినవారి మనవలు, ఎడారి పనికి పోయి వచ్చినవారు మన ఊళ్ళలో ఉన్నారు. నోట్‌బుక్కు పట్టుకొని వారి గడపలకు నడవడం దగ్గరనుంచే మన యాత్రాసాహిత్యపు తర్వాతి అధ్యాయం మొదలుకావాలి.